ఫీజు కట్టాం, మరి ఇంటర్వ్యూ?



రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదివే కుర్రాడు మా దగ్గరకు వచ్చాడు. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను మిగిలిన అతని ఫీజును నాలుగేళ్లూ మీ విరాళాలతోనే కట్టాం. చదివింది ఎలక్ట్రికల్. మార్కులకు లోటు లేదు. క్యాంపస్ సెలక్షన్లలో రాతపరీక్ష దాటి, టెక్నికల్ ఇంటర్వ్యూలో ఆగిపోయాడు. "ఆగి ఉన్న బరువైన లోడును కదిలించాలంటే ఏ మోటారు వాడతావు?" అని అడిగారట. "జవాబు తెలుసు సార్, నోరు పెగల్లేదు" అన్నాడు.

అతని తండ్రి శ్రీరాంపూర్‌లో భూగర్భ గనిలో ఏళ్ల తరబడి హాలేజీ నడిపిన మనిషి. అదే ప్రశ్న ఆయన్ని అడిగాం. టీ గ్లాసు పక్కన పెట్టి, "స్లిప్‌రింగ్ మోటారు సార్. మొదట రెసిస్టెన్స్ మొత్తం పెట్టి స్టార్ట్ చేస్తం, స్పీడ్ అందుకున్నకొద్దీ తీసేస్తం. లేకుంటే రోప్‌కు జర్క్ తగుల్తది, టబ్బులు పట్టాలు దిగుతయ్" అన్నారు. పుస్తకంలో ఉన్నదీ అదే. రోటరు సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ చేరిస్తే స్టార్టింగ్ కరెంటు తగ్గుతుంది, స్టార్టింగ్ టార్క్ పెరుగుతుంది. కుర్రాడు తండ్రి ముఖం చూస్తూ ఉండిపోయాడు.

మన పిల్లలకు ఎక్కడ సాయం అందడం లేదో ఆ రోజు మాకు అర్థమైంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. నాలుగేళ్లు రాసి రాసి పాసవుతారు గానీ, చదివిన పాఠాన్ని ఒక మనిషి ఎదుట కూర్చుని చెప్పే అవకాశం వారికి ఒక్కసారీ రాదు.

ఒకప్పుడు ఇది ఇంత పెద్ద చింత కాదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు అందులో సగం కూడా లేరు. తండ్రి దిగిన గనిలోనే కొడుక్కీ పని దొరుకుతుందన్న భరోసా తగ్గింది. అందుకే ఆ అరగంట ఇంటర్వ్యూ ఇంటిల్లిపాదికీ ముఖ్యమైంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

క్యాంపస్ సెలక్షన్లు సాధారణంగా నాలుగో సంవత్సరం మొదట్లోనే వస్తాయి. కనుక మూడో సంవత్సరంలోనే తయారీ మొదలవ్వాలి. చాలా కంపెనీలు 60 శాతం మార్కులు అడుగుతాయి, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదంటాయి. అందుకే మిగిలిన సబ్జెక్టులుంటే ముందు అవి పూర్తి చేయాలి.

ఎలా చదవాలి?

మొదటిది, సొంత ప్రాజెక్టు. ఇంటర్వ్యూలో ఎక్కువ ప్రశ్నలు దాని మీదే పడతాయి. ఏ సమస్యకు చేశారు, అందులో నీ వంతు పని ఏది, ఎక్కడ ఇబ్బంది వచ్చింది, ఎలా సరిచేశావు అని అడుగుతారు. డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

రెండోది, మూల సూత్రాలు. కంప్యూటర్స్ వారికి సి లేదా జావా, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్; ఎలక్ట్రికల్ వారికి ట్రాన్స్‌ఫార్మర్, మోటార్లు; మెకానికల్ వారికి థర్మోడైనమిక్స్, పదార్థాల బలం. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

మూడోది, నిర్వచనం అప్పజెప్పి ఊరుకోకుండా ఉదాహరణ చెప్పడం. ఉదాహరణలు మన చుట్టూనే ఉన్నాయి. వరుసగా ఉన్న క్వార్టర్లు 'అర్రే' లాంటివి. నంబరు తెలిస్తే నేరుగా పదిహేడో ఇంటికే వెళ్తాం. కప్లింగులతో జోడించిన బొగ్గు టబ్బులు 'లింక్డ్ లిస్ట్' లాంటివి. పదిహేడోది కావాలంటే మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ పోవాలి, కానీ మధ్యలో కొత్త టబ్బు చేర్చాలంటే ఒక్క కప్లింగు విప్పితే చాలు. ఒకే షిఫ్టులో ఒకే పేరున్నవారు నలుగురుండొచ్చు, కానీ ఉద్యోగి నంబరు ఒక్కరికే ఉంటుంది. డేటాబేస్‌లో 'ప్రైమరీ కీ' అంటే అదే. ఇలా చెప్పిన పిల్లవాడు పాఠాన్ని అర్థం చేసుకున్నాడని ఎదుటివారికి తెలుస్తుంది.

నాలుగోది, చేత్తో రాయడం. స్ట్రింగ్‌ను తిరగేయడం, ప్రైమ్ నంబరు కనుక్కోవడం, జీతాల పట్టికలో రెండో పెద్ద జీతం తీయడం వంటివి కాగితం మీద రాసి, ఒక్కో వరుస ఎందుకు రాశారో పైకి చదివి చెప్పాలి.

ఐదోది, తెలియనప్పుడు తెలియదని చెప్పడం. "ఇది నాకు తెలియదు, కానీ ఇలా ఆలోచిస్తాను" అంటే తప్పు లేదు. ఊహించి తప్పు చెప్పి, దాన్ని సమర్థించుకోబోతేనే నష్టం.

మనం చేయగలిగింది

నిరుడు మేము ఆదివారాల్లో మాదిరి ఇంటర్వ్యూలు పెట్టాం. ఒక బల్ల, మూడు కుర్చీలు, అరగంట సమయం. మొదటి వారం పిల్లలు రెండు మాటలకే ఆగిపోయారు. ఆరో వారానికి మమ్మల్నే ఎదురు ప్రశ్నలు అడిగారు. మొదట చెప్పిన కుర్రాడు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. సెలవుకు ఊరికొస్తే మా పక్క కుర్చీలో కూర్చుని ప్రశ్నలడుగుతాడు.

మీ విరాళం ఫీజుతో ఆగకూడదని మా మనవి. పాతదైనా పనిచేసే ల్యాప్‌టాప్ ఒకటి, మంచిర్యాల నుంచి హైదరాబాద్‌కు ఇంటర్వ్యూకు వెళ్లే అమ్మాయికి, తోడు వెళ్లే తండ్రికి రైలు ఖర్చు: ఇవి చిన్న మొత్తాలే. డబ్బు కంటే మేము ఎక్కువగా అడిగేది మీ సమయం. రిటైరైన ఎలక్ట్రీషియన్లు, ఫోర్‌మన్లు, ఇంజనీర్లు మనలో ఎందరో ఉన్నారు. హైదరాబాద్‌లో, విదేశాల్లో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న మీ పిల్లలు వీడియో కాల్‌లో ఒక గంట కూర్చోవచ్చు.

నాలుగేళ్లు నీళ్లు పోసి పెంచిన చెట్టు కాపుకొచ్చే వేళ వదిలేయకూడదు. ఈ ఏడాది నెలకు ఒక్క ఆదివారం ఇవ్వండి. ప్రశ్నలు మేము రాసి ఇస్తాం. మీరు వచ్చి అడిగితే చాలు.