అన్నము మానినచో మెదడునకు మేలు కలుగునా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమలలో ఒకప్పుడు జొన్నరొట్టె, గటక నిత్యాహారము. వరి అన్నము పండుగనాటి వంట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప ఆ వాడుక మరింత త్వరగా మారినది. ఇప్పుడు కొందరు ఆ అన్నమునే పూర్తిగా విడిచిపెట్టుచున్నారు. 2017-18 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణ ప్రచారము చేసిన ఆహారవిధానము ఉభయ తెలుగు రాష్ట్రములలో బహుళ వ్యాప్తి పొందినది. ఇట్టి ఆహారము వలన బరువు తగ్గుటయే గాక మెదడు చురుకగునని, మతిమరపు పోవునని గూడ చెప్పుకొనుచున్నారు. ఇందు నిజమెంత?

శరీరపు బరువులో మెదడు నూటికి రెండు పాళ్లే. అయినను శరీరము విశ్రాంతిగా నున్నప్పుడు వినియోగించు శక్తిలో ఇంచుమించు ఐదవ వంతు దానికే కావలెను. పిండిపదార్థముల నుండి వచ్చు గ్లూకోజు దానికి ముఖ్యమైన ఇంధనము. అది చాలనప్పుడు కాలేయము క్రొవ్వును కీటోనులుగా మార్చి అందించును. మెదడు వానితో చాలవరకు పని జరుపుకొనగలదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు వైల్డర్ దీనిని మూర్ఛరోగ చికిత్సకు సూచించెను. మందులకు లొంగని మూర్ఛగల పిల్లలకు వైద్యులు నేటికిని ఆ ఆహారమును గ్రాములలో తూచి యిప్పించుచున్నారు. అది ఇంటివద్ద తోచినట్లు చేయదగిన పని కాదు. మతిమరపు విషయమున జరిగిన పరిశోధనలు చిన్నవి. మేలు నిశ్చయమని చెప్పుటకు చాలవు.

అన్నము మాని జొన్నరొట్టె తినినచో పిండిపదార్థము పోయినట్లేయని పలువురి తలంపు. నూరు గ్రాముల జొన్నలలోను సుమారు 70 గ్రాములు అదియే! పీచు ఎక్కువ గనుక జొన్న మంచిదే. కాని కేవలము జొన్నతోనే కాలము గడపిన దక్కను పేదలలో పూర్వము పెల్లగ్రా వ్యాధి కనిపించెడిది. చర్మము నల్లబడి పొరలు లేచుట, విరేచనములు, కడకు మతి చెదరుట దాని లక్షణములు. నియాసిన్ అను విటమిను లోపమే కారణము. జొన్నలోని ల్యూసిన్ కూడ ఇందుకు తోడగునని హైదరాబాదు పోషకాహార శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించిరి. పప్పు, పాలు, గ్రుడ్లు, వేరుసెనగలు తోడైనచో ఆ భయము లేదు.

పంచాయతీ సభ్యులు ముఖ్యముగా ఎరుగవలసినది చక్కెరవ్యాధిగలవారి సంగతి. ఇన్సులిన్ గాని, కొన్ని రకముల మాత్రలు గాని వాడుచు అన్నము హఠాత్తుగా మానినచో రక్తములో చక్కెర పడిపోయి మెదడునకు ఇంధనము కొరవడును. చెమటలు, వణకు, తడబడు మాట కలుగును. చూచినవారు కల్లు త్రాగెనని పొరబడుదురు. తెలివి యున్నచో మూడు నాలుగు చెంచాల చక్కెర నీటిలో కలిపి వెంటనే త్రాగింపవలెను. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయరాదు. 108కి ఫోను చేయవలెను. అన్నము మానితిమి గదా యని ఇన్సులిన్ తమంతట తామే మానుటయు ప్రాణాపాయకరము. ఆహారము మార్చదలచినవారు ముందుగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునితో చెప్పి మందు మోతాదు సరిచేయించుకొనవలెను. వచ్చు గ్రామసభలో ఆశా కార్యకర్తచే ఈ లక్షణములను చెప్పించినచో పది నిమిషములు పట్టును.