వస్తువుల పుట్టుపూర్వోత్తరములు

మన పాఠశాలలో చదువు ముగించి పాలిటెక్నిక్కునకో, ఐ.టి.ఐ.కో, ఇంజనీరింగు కళాశాలకో పోవు పిల్లలలో పలువురు తుదకు కర్మాగారములలో ఉద్యోగులగుదురు. అచట వారికి ఎదురగు మాటలలో ‘ప్రాడక్ట్ లైఫ్‌సైకిల్ మేనేజ్‌మెంట్’ అనునది యొకటి. పొడి అక్షరములలో పి.ఎల్.ఎమ్. అందురు. మనము దీనిని ‘వస్తు జీవనచక్ర నిర్వహణము’ అనవచ్చును. పేరు పెద్దదైనను భావము సులభము. ఒక వస్తువును తయారుచేయ తలపెట్టిన నాటినుండి అది పాతబడి తుక్కు క్రింద పోవువరకు, దాని పుట్టుపూర్వోత్తరములన్నియు ఒక్కచోట, ఒక్క తీరున వ్రాసియుంచుటయే ఆ పని. దీని స్వరూపమును తల్లిదండ్రులకు తెలియజెప్పుట ఈ వ్యాసమునందు మా యుద్దేశము.

బావినీరు తోడు మోటారు పంపును ఉదాహరణముగా తీసికొందము. మన తెలుగువారు తరతరములుగా స్థిరపడిన కోయంబత్తూరు ఈ పంపులకు పేరుపడిన పట్టణము. పంపును విప్పి చూచినచో అందు పోతపోసిన పైతొడుగు, ఇరుసు, నీటిని చిమ్ము రెక్కల చక్రము, బేరింగులు, రబ్బరు వలయములు, బోల్టులు, నట్లు కనబడును. వీనిలో ప్రతిదానికి ఒక సంఖ్యయు, దాని కొలతలు దెలుపు వివరమును ఉండును. ఈ సంఖ్యలను వరుసగా కూర్చిన జాబితాకు ‘బిల్ ఆఫ్ మెటీరియల్స్’ అని పేరు. పెండ్లి వంటవానికి సామానుల పట్టీ యెట్టిదో, తయారుచేయువానికి ఇది యట్టిది.

ఇరుసులు విరుగుచున్నవని కొన్నవారు ఫిర్యాదు చేసిరనుకొందము. ఇంజనీరు ఇరుసు లావును 20 మిల్లీమీటర్లనుండి 25 మిల్లీమీటర్లకు పెంచును. ఇరుసు మారినచో బేరింగు మారవలెను. బేరింగు మారినచో అది కూర్చుండు గుంట మారవలెను. గుంట మారినచో పోత అచ్చును మార్చవలసి రావచ్చును. కొనుగోలు శాఖవారు పాత బేరింగులకు ఇచ్చిన ఆర్డరును ఆపవలెను. కాగితపు పటములతోనే పని జరుగు చోట, దిద్దిన పటము అందరికి చేరకపూర్వమే, లేతు యంత్రమువద్ద గోడకంటించిన పాత పటమును చూచి పనివాడు పాత కొలతకే ఇరుసులు తరుగుచుండును. తప్పు అతనిది కాదు. అతనికి ఇచ్చిన కాగితముది.

పి.ఎల్.ఎమ్. సాఫ్టువేరు ఈ చిక్కును తీర్చుటకు ఏర్పడినది. ప్రతి పటమునకును సంఖ్యతోబాటు కూర్పు గుర్తు కూడ ఉండును. మార్పు ఎవరు కోరిరి, ఏల కోరిరి, ఎవరు ఆమోదించిరి, ఏ తేదీనుండి అమలగును అను సంగతులు దానితో నమోదగును. ఇరుసు సంఖ్యను అడిగినచో అది ఏయే పంపులలో వాడబడుచున్నదో కంప్యూటరు చెప్పును. ఆమోదము పొందిన కూర్పునే పనివానికి చూపును. పాత కూర్పు చెరిపివేయబడదు. ఏలయన అయిదేండ్ల క్రితము అమ్మిన పంపు మరమ్మతునకు వచ్చినచో ఆనాటి కొలతలే కావలెను గదా!

ఇక చూచుట సంగతి. వస్తువును కంప్యూటరులో నిజరూపముతో నిర్మించు సాఫ్టువేరు ఖరీదైనది. దానికి బలమైన యంత్రమును, తరిఫీదును కావలెను. పోతపనివానికి, కొనుగోలు గుమాస్తాకు, మరమ్మతు చేయువానికి అది సాధారణముగా అందునది కాదు. అందుచే ఆ రూపమును సన్నని త్రిభుజముల వలగా మార్చి, తేలికపరచి, ఇంటర్నెట్టు బ్రౌజరులోనే చూపు పద్ధతి వచ్చినది. 2011లో ‘వెబ్‌జీఎల్’ అను ప్రమాణము వెలువడిన పిదప ఈ పని మరింత సులభమైనది. చూచువాడు వస్తువును త్రిప్పవచ్చును. కోసినట్లుగా లోపలి భాగము చూడవచ్చును. రెండు అంచుల నడుమ దూరము కొలవవచ్చును. మార్చుటకు మాత్రము అధికారము లేదు. ఇంకను రాని భాగములను ఎఱ్ఱగను, సిద్ధమైనవానిని పచ్చగను చూపినచో, వేయి వరుసల పట్టికను చదివి తెలిసికొనవలసినది ఒక్క చూపులో తెలియును.

ఇంత కట్టుదిట్టము అవసరమా యని కొందరు అడుగవచ్చును. ఎయిర్‌బస్ ఎ380 విమానపు కథ దీనికి సమాధానము. రెండంతస్తుల ఆ మహావిమానము 2005 ఏప్రిల్ 27న తొలిసారి ఎగిరినది. దాని భాగములు ఫ్రాన్సు, జర్మనీ, బ్రిటను, స్పెయిను దేశములలో తయారై, ఫ్రాన్సులోని టూలూజ్ నగరమున కూర్పబడుచుండెను. ఒక్కొక్క విమానమునకు సుమారు 530 కిలోమీటర్ల విద్యుత్తు తీగ కావలెను. జర్మనీలోని హాంబర్గునుండి వచ్చిన భాగములలో తీగకట్టలను అమర్చబోగా, అవి చేరవలసిన చోటికి చేరక పొట్టివైనవి. కారణములలో ముఖ్యమైనది ఇది: ఇరుతావుల వారును ‘కాటియా’ అను సాఫ్టువేరునే వాడుచున్నను, హాంబర్గువారిది నాలుగవ కూర్పు, టూలూజ్‌వారిది అయిదవ కూర్పు. ఒకరు దిద్దినది రెండవవారి పటములో సరిగా కనబడలేదు. ఆ జాప్యముల మూలమున 2010 వరకు తమ లాభములు 480 కోట్ల యూరోల మేరకు తగ్గునని మాతృసంస్థ 2006 అక్టోబరులో ప్రకటించినది. మొదటి విమానము 2007 అక్టోబరు 15న గాని సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారికి అందలేదు.

పనిముట్టు చెడ్డదనుటకు వీలులేదు. 1994 జూన్ 12న తొలిసారి ఎగిరిన బోయింగు 777 విమానమును అదే కాటియాతో రూపొందించి, భాగములన్నియు చక్కగా ఇముడునో లేదో కంప్యూటరులోనే ముందుగా కూర్చి చూచిరి. లోటు పనిముట్టున గాక, అందరి యెదుట ఒకే పటము ఉండవలెనను కట్టుబాటునందు కలిగినది. ఇట్టి కట్టుబాటు కొరకే అంతర్జాతీయ ప్రమాణములును ఏర్పడినవి. భిన్న సాఫ్టువేరుల నడుమ పటములను మార్చుకొనుటకై 1994లో ‘స్టెప్’ అను ఐ.ఎస్.ఓ. 10303 ప్రమాణమును, తేలికపరచిన రూపములను చూపుటకై 2012లో ‘జె.టి.’ అను ఐ.ఎస్.ఓ. 14306 ప్రమాణమును వెలువడినవి. అయినను సాఫ్టువేరు మనుజుని అజాగ్రత్తను మాన్పజాలదు. తప్పు కొలతను వ్రాసి ఆమోదించినచో, ఆ తప్పే క్షణములో అందరికిని చేరును.

ఈ కథలో మన కుటుంబములు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఎ380ను నిర్మించిన వారు నాలుగు దేశములవారు, వేర్వేరు భాషలవారు. పటము ఒక్కటే అయియుండినచో, మాటలు వేరైనను తీగ సరిపోయెడిది. మన బిడ్డలు ఇంట తెలుగును, వీధిలో కన్నడమునో తమిళమునో ఒడియానో మరాఠీనో, తరగతిలో ఇంగ్లీషును వాడుచుందురు. దీనిని లోటుగా తలపవలదని మా మనవి. ఒకే వస్తువునకు పలు పేర్లుండునని చిన్ననాటనే ఎరిగిన బిడ్డకు, పేరు మారినను కొలత మారరాదను నియమము త్వరగా బోధపడును.

ఇందుకు ఇంటనే చేయదగిన అభ్యాసమొకటి సూచించుచున్నాము. బిడ్డచేత అగ్గిపెట్టె వంటి చిన్న వస్తువును ముందునుండి, పైనుండి, ప్రక్కనుండి చూచినట్లు మూడు పటములు గీయింపుడు. కొలతలు మిల్లీమీటర్లలో వ్రాయించి, పేరును, తేదీని వేయింపుడు. ఆ కాగితమును మాత్రమే మరియొకరికి ఇచ్చి, అట్టతో ఆ వస్తువును చేయుమనుడు. సరిగా రానిచో పటమును దిద్దించి ‘రెండవ కూర్పు’ అని వ్రాయింపుడు. మొదటి కాగితమును చింపక దానితో చేర్చి దాచింపుడు. కర్మాగారములు పెద్ద ఖర్చుతో నడుపు పద్ధతి యొక్క మొదటి పాఠము ఆ రెండు కాగితములలోనే యున్నది.