ఎండ్రకాయల పందెంలో గెలుపెవరిది?

మిరుగు వానలు పడి మళ్లలో నీళ్లు నిలిచే రోజుల్లో జమ్మికుంట పొలాల గట్ల మీద ఎప్పుడైనా నడిచారా? కాళ్ల ముందు నుంచి ఏదో సర్రున పక్కకు జరిగి బొరియలో దూరుతుంది. అదే ఎండ్రకాయ. కోస్తా జిల్లాల్లో దీన్ని పీత అంటారు.

వీటికి పరుగు పందెం పెడితే? నవ్వకండి! కరీబియన్ సముద్రంలోని టొబాగో దీవిలో బుక్కూ అనే వూరుంది. ఈస్టర్ పండుగకు అక్కడ మేకల పందేలతోపాటు పీతల పందేలు కూడా జరుగుతాయి. పీతకు దారం కట్టి, వెనక నుంచి అదిలిస్తారు. ఎంత అదిలించినా అది గీత వైపే పోతుందన్న నమ్మకం లేదు. చూసేవాళ్లకు కడుపుబ్బ నవ్వు! కాని ఆ నవ్వు వెనక ఒక ప్రశ్న వుంది. పీత తిన్నగా ఎందుకు నడవదు?

అడ్డనడక ఎందుకు?

ఎండ్రకాయకు పది కాళ్లు. ముందు జత పటకారులా పట్టుకోవడానికి, మిగిలిన నాలుగు జతలు నడవడానికి. దాని శరీరం పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువ. కాళ్లు రెండు పక్కలా దగ్గరదగ్గరగా వుంటాయి. ముందుకు అడుగు వేస్తే ఒక కాలు ఇంకొక కాలికి తగులుతుంది. పైగా మన మోకాలు వెనక్కు మడిచినట్లు, దాని కాళ్లలోని ముఖ్యమైన కీళ్లు పక్కలకు బాగా మడుస్తాయి. పక్కకు నడిచేటప్పుడు ఒక వైపు కాళ్లు లాగుతాయి, రెండో వైపు కాళ్లు నెడతాయి. అందుకే దానికి అడ్డదారే రాచబాట!

అన్ని పీతలూ ఇంతే అనుకోకండి. ఆస్ట్రేలియా తీరంలోని సిపాయి పీతల శరీరం గుండ్రంగా వుంటుంది. అవి ముందుకే నడుస్తాయి.

పరుగులో మొనగాడు

మన సముద్రతీరపు ఇసుకలో బొరియలు చేసుకునే పీతలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఓసిపొడె. గ్రీకు భాషలో 'వేగమైన పాదాలు కలది' అని అర్థం. వీటిలో కొన్ని సెకనుకు సుమారు 2 మీటర్లు పరుగెత్తగలవు. పీత వెడల్పు 5 సెంటీమీటర్లు అనుకుంటే, సెకనులో తన వెడల్పుకు 40 రెట్లు పోయినట్లు! బాగా వేగం అందుకున్నాక వెనక జత కాళ్లను నేలకు తగలకుండా ఎత్తి పట్టుకుంటుంది.

మన పొలం ఎండ్రకాయ అంత చురుకైనది కాదు. కాని దానికి వేరే గొప్ప వుంది. సముద్రపు పీతల పిల్లలు మొదట నీటిలో తేలే డింభకాలుగా వుంటాయి. పొలం ఎండ్రకాయ గుడ్ల నుంచి మాత్రం నేరుగా బుల్లి ఎండ్రకాయలే వస్తాయి. తల్లి వాటిని పొట్ట కింది రేకులో దాచి మోస్తుంది. అందుకే సముద్రానికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో వున్న జమ్మికుంటలోనూ అది హాయిగా బ్రతుకుతోంది.

దానికి గెలుపు ఏది?

పందెం మనకు ఆట, దానికి ప్రాణభయం. కొంగ నీడ పడినా, మన అడుగు చప్పుడైనా అది బొరియ వైపే పరుగు తీస్తుంది. దాని మొప్పలు ఎప్పుడూ తడిగా వుండాలి. ఎండలో ఆరిపోతే ఊపిరాడక చస్తుంది. కాలు పట్టి లాగితే ఆ కాలునే వదిలేసి పారిపోతుంది. కొత్త కాలు రావాలంటే కుబుసం విడవాలి. అది పూర్తిగా ఎదగడానికి చాలా కాలం పడుతుంది.

చేసి చూడండి

పొలం పెద్దల అనుమతి తీసుకోండి. గట్టు పక్క నీడలో, తడినేల మీద మీటరు వెడల్పు వృత్తం గీయండి. ఒక వైపు అంచున తడిగడ్డి వేయండి. ఎండ్రకాయను నడుమ వుంచి తడిపిన కుండతో మూయండి. కాసేపాగి కుండ తీసి, దూరంగా కదలకుండా నిలబడండి. ఎటు పోయింది? ఎన్ని సెకన్లలో గీత దాటింది? తడిగడ్డిని రెండో వైపుకు మార్చి, వేరొక ఎండ్రకాయతో మళ్లీ చూడండి. అన్నీ రాసుకోండి.

దారం కట్టకండి. పొట్ట కింద గుడ్లో, పిల్లలో వుంటే ముట్టుకోకండి. పని అయిన వెంటనే దొరికిన చోటనే వదలండి. అది బొరియలో దూరిన క్షణం చూడండి. పందెం గెలిచింది అదే!