జామీను లేక జైలులో మిగిలినవారు – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ప్రతి సంవత్సరము రథసప్తమినాడు అరసవల్లి శ్రీ సూర్యనారాయణస్వామివారి దర్శనమునకు వంశధార, నాగావళి తీరముల నుండియు, దూరప్రాంతముల నుండియు వేలాది జనులు వత్తురు. సముద్రతీర గ్రామములవారు, పొలము పనులవారు, వలసపోయి తిరిగివచ్చినవారు ఒకే వరుసలో నిలుతురు. ఆ వరుసలోనికి రాలేని కొందరిని గురించి ఈ పాఠమున తెలుపదలచితిమి. వారు నేరము రుజువై శిక్ష ననుభవించువారు కారు. విచారణ ముగియకముందే, పూచీ నిలుచువారు లేక, జైలులో ఉండిపోయినవారు. అరసవల్లికి అనతిదూరమున అంపోలులోనే జిల్లా జైలు ఉన్నది. కావున ఇది ఎక్కడిదో దూరపు విషయమని తలపరాదు.

విచారణ ఖైదీ యనగా నెవరు?

నేరారోపణపై నిర్బంధింపబడి, న్యాయస్థానము ఇంకను తీర్పు చెప్పనివానిని విచారణ ఖైదీ యందురు. నేరము రుజువగువరకు అతనిని నిర్దోషిగానే భావింపవలెనని న్యాయసూత్రము. 2022 సంవత్సరాంతమున మన దేశపు జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అనగా ప్రతి నలుగురిలో ముగ్గురు. వీరిలో కొందరికి న్యాయస్థానమే జామీను నిరాకరించియుండును. కాని జామీను ఉత్తరువు లభించియు, పూచీదారు దొరకక లోపలనే మిగిలినవారును కలరు. మనము ముఖ్యముగా ఆలోచింపవలసినది వీరిని గురించియే.

నష్టమెవరికి?

ఒక వ్యవసాయ కూలీని ఉదాహరణగా తీసికొందము. నీటికాలువ తగవులో అతనిపై కేసు పెట్టబడినది. పదివేల రూపాయలకు ఇద్దరు పూచీదారులను చూపి విడుదల కావచ్చునని న్యాయస్థానము ఉత్తరువిచ్చినది. అతనికి భూమి లేదు; బంధువులకును లేదు. ఊడ్పుల కాలమంతయు జైలులోనే గడచినది. ఇంట కూలి డబ్బులు ఆగిపోయినవి. భార్య చెవికమ్మలు తాకట్టు పెట్టినది. పెద్దపిల్ల బడి మాని తల్లితో పనికి పోయినది. తుదకు కేసు కొట్టివేయబడినను, ఆ పోయిన పంటకాలమును, ఆ పిల్ల చదువును ఎవరు తిరిగి ఇత్తురు? అదే తగవులో చిక్కిన భూవసతి గల మరొకడు మూడవనాడే ఇల్లు చేరును. ఇరువురికిని చట్టమొకటే, తేడా పట్టాకాగితములో ఉన్నది. జైలులో ఉన్నవానికి న్యాయవాదితో మాట్లాడుటయు, సాక్షులను సమకూర్చుకొనుటయు కూడ కష్టమే.

చట్టమేమి చెప్పుచున్నది?

1978లో సుప్రీంకోర్టు ఎదుటికి మోతీరాం అను తాపీపనివాని వ్యవహారము వచ్చినది. అతనికి పదివేల రూపాయల జామీను విధించి, సోదరుని ఆస్తి వేరొక జిల్లాలో ఉన్నదను కారణమున ఆ పూచీని క్రింది న్యాయస్థానము త్రోసిపుచ్చినది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దీనిని తప్పుపట్టి, వేయి రూపాయల సొంత పూచీపై విడుదల చేయుమనిరి. దక్షిణాది మనిషి ఉత్తరదేశమున అరెస్టయిన, అచట ఆస్తి గల పూచీదారును ఎచ్చట తేగలడని వారి ప్రశ్న. చెన్నపట్టణమునకు, విజయవాడకు కట్టుబడి పనులకై పోవు మన జిల్లావారికి ఈ ప్రశ్న ఎంత సొంతమో వేరుగా చెప్పనక్కరలేదు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో సభ్యులు ఎరుగవలసిన సెక్షనులు నాలుగు. 478వ సెక్షను ననుసరించి, జామీను ఇవ్వదగిన నేరములలో అరెస్టయినవాడు వారము దినములలో పూచీ చూపలేనిచో, అతనిని బీదవానిగా భావించి సొంత పూచీపై విడువవలెను. 479వ సెక్షను క్రింద, గరిష్ఠశిక్షలో సగము కాలము విచారణ ఖైదీగా గడపినవానిని, పూర్వమెన్నడును ఏ నేరమునకును శిక్ష పడనివాడైనచో మూడవవంతు గడపినవానిని జామీనుపై విడువవలెను. మరణశిక్ష, యావజ్జీవశిక్ష పడదగిన నేరములకును, ఒకటికి మించిన కేసులున్నవారికిని ఇది వర్తింపదు. జామీను మొత్తము మితిమీరరాదని 484వ సెక్షను చెప్పును. పూచీకత్తునకు బదులు సొమ్ము జమచేయుటకు న్యాయస్థానము అనుమతింపవచ్చునని 490వ సెక్షను చెప్పును.

సహాయ నిధులు

అమెరికాలోని న్యూయార్కు నగరమున 2007లో బ్రాంక్స్ ఫ్రీడం ఫండ్ అను సంస్థ ఏర్పడినది. బీదల పక్షమున జామీను సొమ్ము చెల్లించుట దాని పనిగా నుండెను. నిందితుడు వాయిదాలకు హాజరైనచో కేసు ముగిసిన పిమ్మట సొమ్ము తిరిగివచ్చెడిది. ఆ సొమ్ముతోనే మరొకనిని విడిపించెడివారు. ఇట్లు విడుదలైనవారిలో నూటికి తొంబదిమందికి పైగా వాయిదాలకు హాజరైరి. స్వంత సొమ్ము పణముగా లేకున్నను మనిషి న్యాయస్థానమునకు వచ్చునని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున కేంద్ర ప్రభుత్వము 2023లో బీద ఖైదీల సహాయ పథకమును ఏర్పరచినది. ఆనాటి నిబంధనల ప్రకారము విచారణ ఖైదీ జామీనుకై 40,000 రూపాయల వరకు జిల్లా కమిటీ మంజూరు చేయవచ్చును. కమిటీలో కలెక్టరు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, పోలీసు సూపరింటెండెంటు మున్నగువారుందురు. అవినీతి, మాదకద్రవ్యములు మున్నగు కొన్ని చట్టముల క్రింది కేసులకు ఇది వర్తింపదు. జామీను లభించి ఏడు దినములైనను విడుదల కానివారిని గురించి జైలు అధికారి న్యాయసేవాధికార సంస్థకు తెలుపవలెనని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించినది. నెలలోపల పూచీ సమకూడనిచో, షరతులను సడలింపవచ్చునేమో న్యాయస్థానమే పరిశీలింపవచ్చును.

పరదేశమున చిక్కినపుడు

2018 నవంబరులో గుజరాత్ తీరమున వేటకు పోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాను వారు పట్టుకొని కరాచీ జైలులో నుంచిరి. 2020 జనవరి 6న ఇరువది మంది వాఘా సరిహద్దున విడుదలైరి. సంవత్సరమునకు పైగా ఆ కుటుంబములు సంపాదన లేక, వార్త లేక ఎదురుచూచినవి. 2019 జనవరిలో అమెరికాలో వలస అధికారులు సుమారు 130 మంది విద్యార్థులను నిర్బంధించిరి. వారిలో అధికులు తెలుగువారు. అచటి తెలుగు సంఘములు వారికి న్యాయసహాయమునకై పూనుకొనినవి.

ఇట్టి సందర్భములలో మొదట కావలసినది గుర్తింపు. భారత, పాకిస్తానులు 2008 ఒప్పందము ననుసరించి ప్రతి జనవరి 1, జూలై 1 తేదీలలో ఖైదీల జాబితాలు మార్చుకొనును. చిక్కినవాడు మన ఊరివాడేయని రుజువు త్వరగా అందిననే తక్కిన పని సాగును. వేటకు పోవువారి పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్లు ఊరిలో నుంచుట ఎంత మేలో గ్రహింపుడు.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

1. మీ ఊరివారెవరైన జైలులో ఉన్నచో, జామీను ఉత్తరువు వచ్చినదా, వచ్చియు విడుదల కాలేదా కనుగొనుడు.

2. నిర్బంధములో ఉన్న ప్రతివానికిని 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము పొందుటకు హక్కు కలదు. 15100 సంఖ్యకు ఫోను చేయుడు. శ్రీకాకుళము జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టించుడు. సహాయ పథకపు నేటి నిబంధనలును అచటనే తెలియును.

3. పూచీదారునకు కావలసిన ఇంటిపన్ను రసీదు, విలువ పత్రము వెంటనే ఇప్పించుడు. అసత్య పత్రములకు మాత్రము సమ్మతింపకుడు. కిరాయి పూచీదారులను దరిచేరనీయకుడు.

4. పంచాయతీ నిధి చట్టము చెప్పిన ప్రయోజనములకే వెచ్చింపదగును. ఊరివారు జామీను నిధి ఏర్పరుపదలచిన, విరాళములతో, వేరు లెక్కతో, గ్రామస్థులందరికి చూపదగిన పుస్తకముతో నడుపవలెను. న్యాయవాది సలహా తప్పక పొందవలెను.

5. విడుదలైనవానికి ప్రతి వాయిదాను గుర్తుచేయుడు. అతడు రానిచో పూచీ సొమ్ము జప్తగును; మరొక బీదవాని ఆశయు దానితో పోవును.

6. ఫిర్యాదు చేసినవారిని ఒత్తిడి చేయకుడు. దోషియా, నిర్దోషియా యని తేల్చుట న్యాయస్థానము పని.

జామీను ఇప్పించుట నేరమును మన్నించుట కాదు. తీర్పునకు ముందే శిక్ష పడకుండ కాపాడుటయే. వచ్చే పంచాయతీ సమావేశమున ఈ విషయము నొకసారి చర్చింపుడు. మన ఊరివారెవరు లోపల నున్నారు, ఎందువలన నున్నారు అను రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఆ ప్రశ్నలకు సమాధానము వెదకిననాడే ఒక కుటుంబము ఊడ్పుల కాలమును కాపాడుకొనగలదు.