పాత టీవీకి కొత్త సిగ్నల్

ప్రశ్న: మా పిక్చర్ ట్యూబ్ టీవీకి కేబుల్ వైరు పెడితే చుక్కలే వస్తున్నాయి. తీసేయాలా?

జవాబు: తీసేయకండి, నిక్షేపంలాంటి సెట్టు! కేబుల్ ప్రసారాలు డిజిటల్ అయ్యాయి, మీ టీవీ అనలాగ్‌ది. మధ్యలో సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి. హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉన్న బాక్సు తీసుకోవద్దు. ఏవీ అవుట్ ఉండాలి. పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. టీవీకి ఆడియో సాకెట్టు ఒక్కటే ఉంటే తెల్లది చాలు. తర్వాత టీవీ రిమోట్‌లో ఏవీ నొక్కాలి. చాలామంది ఇది మరిచిపోయి మెకానిక్‌ను పిలుస్తారు.

యాంటెనా సాకెట్టు మాత్రమే ఉన్న మరీ పాత సెట్టుకు ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ కలపాలి. నెలవారీ చందా బరువనిపిస్తే డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకోండి. డీడీ యాదగిరి, సప్తగిరి ఛానళ్లు ఉచితంగా వస్తాయి.

వెనక మూత మాత్రం విప్పకండి. స్విచ్ ఆపినా ట్యూబులో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.