ఆకుకణమునకు గండి కొట్టు సూక్ష్మజీవి

చలికాలమున మంచు దట్టముగ కురిసిన దినములలో, టొమాటో ఆకులపై నూనె చుక్క లంటినట్లు నిగనిగలాడు మచ్చలను సభ్యులలో కొందరు చూచియుందురు. కొలది దినములకు మచ్చ నల్లబడి, చుట్టును పసుపుపచ్చని వలయ మేర్పడును. మొదట కనబడిన ఆ తడి మంచుదని తలచుట సహజము. కాని అది పైనుండి పడిన నీరు కాదు, ఆకులోని నీరే. దానిని కణములనుండి వెలికి రప్పించినది సూడోమోనాస్ సిరింజే అను బాక్టీరియా.

ఆకులో కణముల నడుమ గాలి నిండిన సందు లుండును. ఈ క్రిమి ఆకురంధ్రములగుండ, గాయములగుండ ఆ సందులలో జొరబడి అచటనే కాపురముండును, కణములోనికి పోదు. నీరును ఆహారమును కణపు పొరకు లోపల, క్రిమి వెలుపల. గట్టున నిలిచి చెరువునీరు కోరువానికి గండి కొట్టుట తప్ప వేరు మార్గ మేమి? అందుచే నిది సూదివంటి సాధనముతో కొన్ని మాంసకృత్తులను కణములోనికి ఎక్కించును. వానిలో ‘ఏవీఆర్-ఇ’ అనుదాని పని చిరకాలము అంతుపట్టలేదు.

2023లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున షెంగ్ యాంగ్ హీ, పే జౌ గారలును వారి సహచరులును దానిని తేల్చిరి. కంప్యూటరుచే దాని ఆకృతిని కట్టించి చూడగా, అది పుట్టగొడుగువలె నుండి, నడుమ గొట్టమువలె బోలుగ నున్నది. కప్పగుడ్లలో దానిని పుట్టించి పలుచని ఉప్పునీట నుంచగా గుడ్లు ఉబ్బి పగిలినవి. ఆకులో నీరు వెలికి వచ్చుటకును గుడ్డులోనికి పోవుటకును కారణ మొకటియే: గండి పడిన పిమ్మట నీరు వాలునుబట్టి పారును. ఆపిల్, పియర్ చెట్లను కాల్చినట్లు మాడ్చు అగ్నితెగులు క్రిమికిని ఇట్టి మాంసకృత్తియే కలదు.

డెండ్రిమరు లను అతిసూక్ష్మగోళములతో ఈ గొట్టమును మూయగా ప్రయోగములలో తెగులు తగ్గినది. సంతోషమే. అయినను ప్రయోగశాల వేరు, పొలము వేరు. ఈ పేరు చెప్పి ఎవరైన సీసాలు అమ్మవచ్చినచో, ప్రభుత్వపు అనుమతి చూడక కొనవలదని మా మనవి. బూజుతెగుళ్లకు చల్లు మందులలో పెక్కులును బాక్టీరియాపై పనిచేయవు.

మనకు ఇంతకంటె అక్కరకు వచ్చు సంగతి 2016లోనే వెల్లడియైనది. గాలిలో తేమ మిక్కుటముగ నున్నపుడే ఈ నీటిమచ్చ నిలుచును. క్రిమియు అపుడే విజృంభించును. కనుక మొక్కలను ఎడముగ నాటి గాలి ఆడనీయవలెను. తలపై చల్లక కాలువలగుండ నీరు పెట్టవలెను. ఆకులు తడిగ నున్నపుడు కోతకుగాని కలుపునకుగాని మడిలో దిగరాదు; చేతులకును బట్టలకును అంటి క్రిమి మొక్కనుండి మొక్కకు పోవును. ఇది విత్తనముతోడను ప్రయాణము చేయును. విత్తనమునకై కాయలు తీయు సభ్యులు మచ్చపడిన మడిలోని వానిని సంతకే పంపవలెను గాని విత్తునకు ఉంచరాదు.