గుండె దడదడ ఎందుకు?

ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. ఈఏపీసెట్ కూడా రాయడం అయింది. ఇక హాయిగా నిద్రపోవచ్చు కదా! కాని మీ అక్కయ్యకు అర్ధరాత్రి దాటినా కన్ను మూతపడదు. కంచంలో అన్నం కెలికి లేచిపోతుంది. ఫలితాల మాట ఎత్తితే చాలు, అరచేతులకు చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. ఇదేమైనా జబ్బా? కాదు. దీని వెనుక ఉన్న సంగతి తెలుసుకుందాం. రేపు మీ వంతు వచ్చినప్పుడు పనికివస్తుంది.

మన రెండు మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులు ఉన్నాయి. వీటిని అధివృక్క గ్రంథులు అంటారు. వీధిలో కుక్క మీ వెంటపడిందనుకోండి. వెంటనే మెదడు నాడుల ద్వారా హెచ్చరిక పంపుతుంది. ఈ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాలేయం తనలో దాచుకున్న గ్లూకోజును బయటికి పంపుతుంది. కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది. అప్పటికి అవసరం లేని జీర్ణక్రియ మందగిస్తుంది. అంటే శరీరం పోరాడడానికో, పారిపోవడానికో సిద్ధమైందన్నమాట! ఈ విషయాన్ని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వివరించాడు.

కుక్క వెళ్లిపోతే కొద్దిసేపటికి అంతా సర్దుకుంటుంది. మరి ర్యాంకు, కౌన్సెలింగు, సీటు? ఇవి వారాల తరబడి మనసులో మెదులుతూనే ఉంటాయి. వీటి నుంచి పరుగెత్తి తప్పించుకోలేం. అయినా శరీరం పరుగుకు సిద్ధమవుతూనే ఉంటుంది. అందుకే ఆకలి మందగిస్తుంది, నిద్ర పట్టదు, చిన్న మాటకే కోపం వస్తుంది.

దీనికి ఉపాయం లేదా? ఉంది. ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి.

కదలకుండా కూర్చుని, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని ఒక నిమిషం లెక్కించి రాసుకోండి. తరువాత నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఇలా ఐదు నిమిషాలు చేయండి. మధ్యలో నాడి మీద వేలు ఉంచి గమనించండి. గాలి పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకోవడం చాలామందికి తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వాగస్ నాడి గుండెకు కళ్లెం వంటిది. గాలి వదిలేటప్పుడు ఆ కళ్లెం బిగుస్తుంది.

రెండో ఉపాయం కాగితం, పెన్సిలు. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఒకవైపు మన చేతిలో ఉన్నవి, రెండోవైపు మన చేతిలో లేనివి రాయండి. ఎవరికి ఏ ర్యాంకు వస్తుందో మన చేతిలో లేదు. ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోవడం, కళాశాలల గురించి వాకబు చేయడం, వెబ్ ఆప్షన్లు రాసుకోవడం మన చేతిలో ఉన్నవి. సీట్లు కేటాయించేటప్పుడు పైన ఉన్న ఆప్షన్‌ను ముందు చూస్తారు. అది దొరకకపోతేనే కిందిదానికి వస్తారు. కనుక చేరడానికి ఇష్టమైన కళాశాలలు కింద మరికొన్ని రాసినా పైవాటికి నష్టం లేదు. ఇది తెలిస్తే సగం బెంగ తీరుతుంది.

మూడోది నిద్ర. ఈ వయసులో రాత్రికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. చదివినది మెదడులో గట్టిపడడానికి నిద్ర ఎంతో తోడ్పడుతుంది. రాత్రంతా మేలుకుంటే ఆ మేలు పోగొట్టుకున్నట్లే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు చేయగలిగిన పని కూడా ఉంది. "ఎంత ర్యాంకు వస్తుంది?" అని అక్కయ్యను పదేపదే అడగకండి. సాయంత్రం అలా నడిచి వద్దామని పిలవండి. ఆమె చెప్పేది వినండి. ఒకవేళ రోజుల తరబడి దిగులుగా ఉన్నా, బతకాలని లేదన్నా, దాచకుండా వెంటనే పెద్దలకు చెప్పండి. టెలిమానస్ వారికి 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

థర్మామీటరు జ్వరాన్ని కొలుస్తుంది గాని మనిషిని కొలవదు. ర్యాంకు కూడా అంతే. అది రాసిన పరీక్షలకే కొలత.